తూగు

కాయితంలో నా పేరు తప్ప
మిగతాదంతా ఇంగ్లీషు.
గనగళ్ల నూకరత్నం, కాటా గుమస్తా.
ఆ తర్వాత రెండు మాటలు పక్కపక్కనే:
సస్పెండెడ్. పెండింగ్.
మొదటిది తెలుసు, దెబ్బ తగిలాక తెలియకుండా ఉంటుందా.
రెండోదీ తెలుసు, కరెంటు బిల్లు మీద చూశాను.
రెండూ ఒక్క గూటి పిట్టలని మాత్రం
జ్ఞానాపురంలో శౌరయ్య మాస్టారు చెప్పేదాకా తెలీదు.

మాస్టారికి డెబ్భై తొమ్మిది దాటాయి.
గుడిలో పూజ లాటిన్‌లో జరిగే రోజుల్లో
గంట కొట్టే కుర్రాడట.
అర్థం తెలీకుండా నోటికొచ్చిన భాష,
ఆకలేసినప్పుడు అర్థం వెతుక్కున్నానమ్మా, అంటాడు.
ఇప్పుడు మేడ మీది రేకుల గదిలో
పోటీ పరీక్షల గుంటలకి మాటలు కోసి పెడతాడు.
గంటకి నలభై రూపాయలు.
నా దగ్గర తీసుకోలేదు.
"ఉజ్జోగం ఊగుతున్నప్పుడు ఫీజేటి?"

చందువా చేపని ఒలిచావా ఎప్పుడైనా, అన్నాడు.
నడిముల్లు దొరికితే చాలు,
రెండు పక్కలా కండ దానంతటదే ఊడొస్తాది.
పలక మీద రాశాడు: పెండ్.
వేలాడదీయడం. తూచడం.
పూర్వం తూకమంటే అంతే కదా,
కర్రకి రెండు చిప్పలు, మధ్యలో ఒక వేలు.
డిపెండ్: ఇంకొకరి కొక్కేనికి వేలాడ్డం.
పెన్షన్: తూచి చేతిలో పెట్టింది.
కాంపెన్సేషన్: ఈ చిప్పలో పోయినదానికి ఆ చిప్పలో వేసింది.
సస్పెండ్ దగ్గర గొంతు తగ్గించాడు:
కాళ్లకి నేల అందకుండా కట్టి వదిలేయడం.

పద్దెనిమిదేళ్లు లారీలు తూచినదాన్ని.

మర్నాడు పోర్ట్.
నవ్వొచ్చింది. పోర్టంటే నాకు చెప్పాలా?
గేటు, పాసు, సైరను,
ఇనపరాయి దుమ్ముకి ఎర్రబడ్డ చీర అంచు.
అది కాదమ్మా, ఇంకోటుంది, మోసేది.
ఇంపోర్ట్ లోపలికి మోయడం, ఎక్స్‌పోర్ట్ బయటికి,
రిపోర్ట్ వెనక్కి మోసుకొచ్చి అప్పజెప్పడం,
సపోర్ట్ కింద నుంచి మోయడం.
పలక మీద మా నాన్న కనిపించాడు.
కళాసి. మాంగనీసు తట్టలు.
కుడి భుజం ఎడమదాని కన్నా రెండంగుళాలు కిందకి.
ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.
ఈ మాటలన్నీ ఆయన వీపు మీదే ఉండేవి.

మన తెలుగులోనూ ఇంతేనా మాస్టారూ, అన్నాను.
మోయు, మోత, మోపు...
వరసగా చెప్పుకుపోతూ
మోసం దగ్గర ఆగిపోయాను.
నాన్న మోసాడు. నేను మోసం.
కాయితంలో రాసిన నేరం అదే.
ఆయన సుద్దముక్క కింద పెట్టాడు.
"జాగర్త. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు.
ఆ రెండూ వేరు."
ఆ రాత్రి కాన్వెంట్ జంక్షన్‌లో
రెండు బస్సులు వదిలేశాను,
కళ్లు తుడుచుకోవడం అవక.

ఎంక్వయిరీ నాడు ఏసీ గది.
కిటికీ అవతల డాల్ఫిన్ నోస్ కొండ,
లోపలికి రావడానికి పిలుపు కోసం ఆగిన ఓడ.
సపోర్టింగ్ డాక్యుమెంట్స్ ఉన్నాయా, అన్నాడు ఆఫీసరు.
కింద నుంచి మోసే కాయితాలు.
ఉన్నాయండి, అని పదకొండు చీటీలు బల్ల మీద పరిచాను:
లారీ నంబరు, టైము, నా చేతిరాత.
ఒక్కొక్కటీ చూశాడు. తలూపాడు.
ఫైలుకి తాడు ముడేసి పక్కన పెట్టాడు.
అంటే, ఇంకా పెండింగే.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే
మా అక్క కోడలు వేలు నోటికడ్డం పెట్టింది.
"చప్పుడు చెయ్యకు పిన్నీ, పాప తూగుతోంది."
దూలానికి కట్టిన పాత చీర ఉయ్యాల,
అందులో మూడు కిలోల ఎనిమిదొందలు.
తూగుతోంది.
కాటా మీదా తూగడమే, ఉయ్యాల్లోనూ తూగడమే.
నిద్రకి తూగడం. ఒకరికొకరు సరితూగడం.
లాటిన్ వాడి ముల్లే
మా ఇంటి దూలానికీ ఉంది, ఇన్నాళ్లూ,
ఎవరికీ గుచ్చుకోకుండా.

రేపు పొద్దున్నే మేడ ఎక్కాలి.
ఫీజు వద్దన్నాడు కదా మాస్టారు,
ఈ ఒక్క మాటా
తూచి ఆయన చేతిలో పెడతాను.